గడీ గోడ ఏం చెప్తుంది?

ఇంగ్లండ్‌లో పాత రాతి ఇండ్లను టికెట్ పెట్టి చూపిస్తారు. అసొంటిది మన పెద్దపల్లి దిక్కు లేదా అంటే, ఉంది. గడీ. దొరలు, దేశ్‌ముఖ్‌లు ఉన్న ఇల్లు. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోన్ని, ఆర్కిటెక్ట్‌ను కాదు. కానీ గడీ ప్లాన్ చూస్తే నాకు వెంటనే అర్థమైంది. ఇది యాక్సెస్ కంట్రోల్.

ముందు పెద్ద దర్వాజ. దాంట్లోనే చిన్న తలుపు, దిడ్డి. తల వంచితేనే లోపలికి పోతాం. తర్వాత వాకిలి, ఆ తర్వాత కచేరి. మామూలు మనిషి అక్కడిదాకే. లోపలి భవంతి ఇంటోళ్లకు మాత్రమే.

ఇప్పుడు గోడ చూడండి. రెండు మూడు అడుగుల మందం. రాయి నిదానంగా వేడెక్కుతుంది. అందుకే మే నెల 45 డిగ్రీల ఎండలో కూడా లోపల చల్లగుంటుంది. రాళ్ల మధ్య ఉన్నది డంగు సున్నం. సున్నం, ఇసుక కలిపి గానుగలో నూరి తీసేవాళ్లు. నేలలోంచి ఎక్కిన తేమ ఈ సున్నం గుండా బయటికి పోతుంది. మా దగ్గరి ఊర్లె ఒక గడీకి మంచికే అనుకొని సిమెంట్ పూసిన్రు. తేమ లోపలే ఆగి, సున్నం పొడి పొడి అయింది. పోయిన వానలకు ఆ గోడ కూలింది.

కూలిందని మా తాతకు చెప్తే, "కూలనీ బిడ్డా" అన్నడు. ఆ గడీ ముందర వాళ్ల నాయిన చెప్పులు చేతిల పట్టుకొని నడిచేటోడట. ఆ రాళ్లు మోసింది కూడా వెట్టికే, పైసా ఇయ్యలే. 1978 జగిత్యాల జైత్రయాత్ర, ఆ రైతుకూలీ పోరాటాల తర్వాత చాలామంది దొరలు ఊర్లు విడిచి పట్నం పోయారు. గడీలు ఖాళీ అయినై.

తాత కోపం న్యాయమే. కానీ గోడ మొత్తం పోతే, ఆ దిడ్డి ముందు ఎవరు తల వంచిన్రో రేపటి పిల్లలకు ఏం చూపించి చెప్తాం? కాపాడుకోవడం కుదిరే పనే. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది.

నేను కోరేది ఒక్కటి. గడీని సున్నంతోనే బాగుచేయాలి, దర్వాజ పక్కన రాళ్లు మోసినోళ్ల పేర్లు కూడా రాయాలి. పేర్లు కాగితం మీద దొరకవు, పెద్దమనుషుల నోట్లో ఉన్నయి. మీ ఊర్లె గడీ ఉంటే ఈ ఆదివారం మీ తాతనో, అమ్మమ్మనో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. నేను మా తాతతోటి మొదలుపెట్టిన. ఇప్పటికి నాలుగు పేర్లు చెప్పిండు.