నాన్న తుండుగుడ్డ, నా పాలిష్ మెషీను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"ఇంజినీరుగా నీ అనుభవాలు నాలుగు మాటలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. నేను చేసిన పనులన్నీ వరసగా చదివితే మీకు నిద్రొస్తుంది, నాకు గర్వమొస్తుంది. భోజనాలకు ముందు రెండూ మంచివి కావు. అందుకని యాభై నాలుగో ఏట, ఈ ముప్పాళ్ళలోనే, మా ఇంటి వాకిట్లో నేర్చుకున్న ఒక చిన్న పని గురించి చెబుతాను. కారు రంగు మీద పడిన సన్న గీతల్ని మెషీనుతో తీయడం.

నా కారు ముదురు నీలం. ఊరికొచ్చినప్పుడల్లా వాకిట్లో వేపచెట్టు కింద పెడతాను. మా నాన్నకు ఎనభై దాటాయి. సేద్యం మానేసినా చీకటితో లేచే అలవాటు పోలేదు. నేను లేచేసరికి భుజం మీది తుండుగుడ్డతో కారంతా తుడిచి ఉంచేవాడు. ఒకప్పుడు ఎడ్లను, తర్వాత ట్రాక్టరును చూసుకున్న చెయ్యి అది. ఇంటి ముందుకు బండి వస్తే ఊరుకోలేదు.

ఒకరోజు పొద్దున ఎండ బానెట్ మీద పడ్డప్పుడు చూశాను. సూర్యుడి మెరుపు చుట్టూ సాలెగూడులాగా గుండ్రటి గీతలు. నాకు కోపం వచ్చింది. "నాన్నా, పొడిగుడ్డ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? రంగంతా పాడుచేశావు" అని గట్టిగా అరిచాను. పక్కింటివాళ్ళకు కూడా వినపడింది. ఆయన ఏమీ అనలేదు. తుండు భుజాన వేసుకుని వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. మర్నాటి నుంచి కారు దగ్గరికి రాలేదు.

అసలు ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని వైపులా అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వాటిలో ఏవి వెలుగును మన కంటివైపు తిప్పుతాయో అవే మనకు కనపడతాయి. అందుకే దీపం ఎటు జరిగితే ఆ వలయం అటు జరుగుతుంది. ఇంట్లో పీచుతో తోమిన స్టీలు పళ్ళేన్ని బల్బు కింద పెట్టి చూడండి, ఇదే కనపడుతుంది. మన దుమ్ములో ఇసుక నలుసులు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ గాజును కూడా గీస్తుంది. కారు పైపూత గాజు కూడా కాదు, ఒక రకం ప్లాస్టిక్. పొడిగుడ్డ మధ్యలో ఆ నలుసును పట్టుకుని తుడిస్తే గీత పడక తప్పదు.

ఆ పూత ఎంత మందమో తెలుసా? రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. కంపెనీ నుంచి వచ్చిన కారుకు ఇవన్నీ కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. అంటే మనం బళ్ళో రాసుకున్న నోటుపుస్తకం కాగితంలో సుమారు సగం మందం. కారు మెరుపంతా అక్కడే ఉంది.

ఇవన్నీ నాకు తెలుసు. తెలుసు కాబట్టే పని కూడా వచ్చనుకున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర ఒక రోటరీ పాలిష్ మెషీను, ఉన్ని ప్యాడ్, రబ్బింగ్ కాంపౌండ్ తెచ్చాను. బానెట్ అంచు దగ్గర ఒక గీత పోవడం లేదు. పోయేదాకా వదలకూడదని నొక్కిపెట్టాను. అర నిమిషం గడిచిందో లేదో, తెల్లటి ప్యాడ్ మీద నీలం కనపడింది. క్లియర్ కోట్ అయిపోయి రంగులోకి దిగిందన్నమాట. వేలెడంత మేర మెరుపు పోయి పాలిపోయింది.

ఆ క్షణాన నాకు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. తప్పు లెక్కను చెరిపేస్తుంటే వెనక నుంచి వచ్చి అనేవారు: "గట్టిగా రుద్దితే తప్పు పోదురా, కాయితం పోతుంది."

నరసరావుపేటలో పెయింటింగ్ షెడ్డు నడిపే ఒక కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాను. విజయవాడ ఆటోనగర్లో పని నేర్చుకుని వచ్చాడు. వేలితో ఆ అంచు తడిమి చూశాడు. "సార్, మెషీన్ది తప్పేం లేదు. అంచుల మీద పూత పల్చగా ఉంటది, వేడి అంతా అక్కడే చేరుద్ది. గీత పోయేదాకా రుద్దకూడదు సార్. ఎంతవరకు రుద్దొచ్చో ముందు చూసుకోవాలి" అన్నాడు. అక్కడ మళ్ళీ రంగు వేయించడం తప్ప దారి లేదన్నాడు. మిగతా కారు నేనే చేసుకుంటాను, నేర్పమన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

అతను నేర్పింది ఇదీ. ముందు కారు బాగా కడగాలి. అతుక్కుపోయిన మురికిని క్లే బార్‌తో, తడిమీద, తీయాలి. అంచులకూ రబ్బరు పట్టీలకూ మాస్కింగ్ టేపు వేయాలి. రోటరీ మెషీను ఒకే ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి ఒక్కచోటే వేడెక్కిస్తుంది. కొత్తవాళ్ళకు డ్యుయల్ యాక్షన్ మెషీను మంచిది. దాని ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది. గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది. ప్యాడ్ అంచున మార్కరుతో ఒక గుర్తు పెట్టుకుంటే తిరుగుతోందో లేదో తెలుస్తుంది.

మొదట ఒక జానెడు చోట, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్‌తో, సన్నరకం పాలిష్‌తో చేసి చూడాలి. అది చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్ళాలి. శనగగింజంత చుక్కలు నాలుగైదు చాలు. రెండడుగుల చదరం మించకూడదు. చెయ్యి నిదానంగా, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కదలాలి. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపిన నీళ్ళతో తుడిచి టార్చిలైటు వేసి చూడాలి. ఎందుకంటే పాలిష్‌లోని నూనె గీతల్ని దాచిపెట్టి మనల్ని మోసం చేస్తుంది. గోరుకు తగిలే గీతను మాత్రం ముట్టుకోకూడదు. అది పోవాలంటే పూతే పోవాలి.

తర్వాతి సెలవుల్లో ఈ వేపచెట్టు కిందే రెండు రోజులు పనిచేశాను. మొదటిరోజు నాన్న అరుగు మీద నుంచే చూశాడు. రెండోరోజు దగ్గరికి వచ్చాడు.

"తుడిస్తే పడ్డ గీతలు రుద్దితే ఎట్టా పోతయిరా?"

"గుంటలు పడ్డ మడి చదును చేసినట్టే నాన్నా. పూడ్చడానికి వేరే మట్టి లేదు. అందుకని గుంట లోతు దాకా చుట్టూ ఉన్నదాన్ని తగ్గిస్తున్నా."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. "అయితే మాటిమాటికీ చెయ్యగూడదు. పైమట్టి పోద్ది."

నాకు నోట మాట రాలేదు. నేను ఒక బానెట్ పాడుచేసుకుని తెలుసుకున్న సంగతి అది. మాచర్ల నాపరాయిని, చీమకుర్తి గ్రానైటును ఎంతైనా అరగదీసి మెరిపించొచ్చు, రాయికి మందం ఉంది. కారు పూతకు, పొలం పైమట్టికి ఆ మందం లేదు. ఇంకోటి కూడా అప్పుడే తోచింది. నాన్న తుండుతో అన్నేళ్ళలో పడిన గీతలు పోవడానికి కొద్ది మైక్రాన్లు తీస్తే సరిపోయింది. నేను నా తెలివితో అర నిమిషంలో పూత మొత్తం తీసేశాను. అరుపులు మాత్రం ఆయన తిన్నాడు.

"ఆ రోజు అరిచాను నాన్నా, తప్పు నాదే" అన్నాను. రెండు బకెట్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు చూపించాను. ముందు నీళ్ళు పోసి దుమ్ము దించాలని, ఒక బకెట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించే నీళ్ళు ఉంచుకోవాలని, నలుసు గుడ్డలో మిగలకుండా ఉండటానికే ఇదంతా అని చెప్పాను.

"ఈ ముక్క అప్పుడే చెప్తే పొయ్యేదిగా" అన్నాడు.

నిజమే. వద్దని ఎన్నోసార్లు చెప్పాను. ఎందుకు వద్దో ఒక్కసారీ చెప్పలేదు. ఈ బడిలో మా మాస్టార్లు మాకు ఏది చెప్పినా ఎందుకో కూడా చెప్పారు. నేను ఇంజినీరునయ్యింది ఆ 'ఎందుకు' వల్లే. దాన్ని ఇంట్లోవాళ్ళకు చెప్పడమే మర్చిపోయాను.

ఇప్పుడు పొద్దున్నే కారు కడిగేది నాన్నే. నేను నీళ్ళు అందిస్తాను. కొత్త గీతలు ఒకటీ అరా పడుతూనే ఉంటాయి. వాటిని అలాగే ఉండనిస్తున్నాను, పూత మిగలాలి కదా.

కార్లలో వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఎండలో ఒకసారి మీ బానెట్ చూసుకోండి. గీతలు కనపడితే మాత్రం ఎవరినీ అరవకండి. సెలవు.