ప్రారబ్ధము – పురుషప్రయత్నము



ధర్మకర్తలవారు నేటి ఉపన్యాసమునకు నిర్ణయించిన విషయము ప్రారబ్ధము, పురుషప్రయత్నము. శాస్త్రగ్రంథములు ముందుంచుకొని దీనిని చెప్పుట పాఠశాలనాటినుండి నాకు అలవాటే. అయితే ఇటీవల నా శరీరమే ఈ విషయమునకు వ్యాఖ్యానమైనది గనుక నేడు దానినే విప్పి చదివెదను.

నాకు వచ్చినది ల్యుకేమియా, అనగా రక్తమునకు వచ్చు క్యాన్సరు. అందులో పెక్కు భేదములున్నవి. నాది వృద్ధులకు ఎక్కువగా వచ్చునది, మెల్లగా నడచునది. లింఫోసైట్లు అను తెల్లకణములు అవసరమునకు మించి పెరుగును. సంతర్పణలో పిలువని బంధువులు పంక్తినిండ కూర్చుండి లేవకున్నచో పిలిచినవారికి విస్తరి దొరకదు గదా! ఎఱ్ఱకణముల గతి అట్లే యగును. ఆ బంధువులలో కొందరు ప్లీహమున మకాము పెట్టిరి. ప్లీహము పెరిగి, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయెడిది. చరకులవారు ప్లీహోదరమని వర్ణించిన లక్షణములు చదివినప్పటికంటె అనుభవించినప్పుడు చక్కగా అర్థమైనవి. భోజనప్రియుడనగు నాకు ఇదియే పెద్ద శిక్ష. మందులు కొంతకాలము పనిచేసినవి. శస్త్రచికిత్సను నా గుండె తట్టుకొనలేదని చెప్పి, వైద్యులు ప్లీహమునకు కిరణచికిత్స నిశ్చయించిరి.

అప్పుడొక పెద్దమనిషి పరామర్శకు వచ్చి, "శాస్త్రిగారూ, ఇంతకాలము వేదము చెప్పినవారికి ఈ వ్యాధి ఏమిటండీ? వచ్చిన కర్మ అనుభవించి తీర్చుకోవాలి గాని కిరణాలు పెట్టించుకోవడ మెందుకు?" అనెను. నేను వెంటనే బదులు చెప్పలేదు. లోపలినుండి ఉప్మా వచ్చినది. ఆయన ఆకలియను ప్రారబ్ధమును రెండుసార్లు వడ్డించుకొని తీర్చుకొనెను.

ఆయన వెళ్ళిన పిదప నాకు భగవాన్ రమణమహర్షి గుర్తునకు వచ్చిరి. వారి ఎడమచేతికి సార్కోమా అను క్యాన్సరు వచ్చినది. 1949 ఫిబ్రవరి మొదలు ఆ సంవత్సరము ముగియులోగా నాలుగు శస్త్రచికిత్సలు జరిగినవి. నడుమ రేడియము చికిత్సయు జరిగినది. చేయి తీసివేయుట కొప్పుకొనలేదు గాని తక్కిన చికిత్సలకు ఆ చేతినే చాచిరి. 1950 ఏప్రిల్ 14న విదేహముక్తి నందువరకు భక్తులకు దర్శనము మానలేదు. దేహము తాను కాదని తెలిసినవారే దేహమునకు వైద్యము వద్దనలేదే, తెలియని మనకు వద్దనుట కధికార మెక్కడిది? వ్యాధి ప్రారబ్ధమైనచో వైద్యుడు దొరకుటయు ప్రారబ్ధమే.

ఇక చికిత్స సంగతి. ఇతర క్యాన్సర్లకు సాధారణముగా రోజునకు రెండు గ్రేలు ఇచ్చెదరట. ప్లీహమునకు అందులో సగము, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువ. ముందుగా రక్తపరీక్ష. కణముల లెక్క బాగుగా పడిపోయినచో ఆనాటికి అనధ్యయనము! పొట్టపై సిరాతో గీతలు గీసి, రుద్ది కడుగరాదనిరి. త్రికాలస్నానము చేయువానికి ఇది సంకటమే. కాని స్మృతికారులు దయామయులు. స్నానములు ఏడు విధములనిరి. జలముతో చేయు వారుణము ఒక్కటే చెడినది. మంత్రస్నానము, మానసస్నానము మిగిలియున్నవి గదా.

బల్లపై పరుండబెట్టి, కదలవద్దని చెప్పి అందరును బయటకు పోయెదరు. నేను పనస చెప్ప మొదలుపెట్టగానే శిష్యులు జారుకొనుట చూచినవాడనే గనుక నాకు వింత తోచలేదు. అయినను తలుపు మూసికొన్నప్పుడు భయము కలుగలేదని చెప్పను. ఆ కొద్ది నిమిషములు గాయత్రియే తోడు. జపము వ్యాధిని కుదిర్చినదని నేననను. కదలకుండ ఉండగలిగితిని, అంతవరకు సాక్ష్యము చెప్పగలను.

ఆ నిరీక్షణశాలలో ఏడేండ్ల బాలుడొకడు ఉండెడివాడు. వానిది వేగముగా పెరుగు ల్యుకేమియా. వానికిచ్చు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. దాని వెనుక మన తెలుగువారున్నారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనశాలనుండి అమినోప్టెరిన్ వచ్చినది. దానితో పిల్లల ల్యుకేమియాకు తాత్కాలికముగా ఉపశమనము కలిగెనని 1948లో బాస్టనులో సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. మెథోట్రెక్సేటు దాని తోబుట్టువు. సుబ్బారావుగారు ఆ ఏడే కన్నుమూసిరి. తర్పణము విడుచునపుడు వారికొక దోసిలి విడుచుచున్నాను.

ఆ బాలుని తలమీద ఒక్క వెండ్రుక లేదు. నా గుండును, పిలకను తేరిపార చూచి, "తాతా, నీకు మందు వెనకవైపు పనిచెయ్యలేదా?" అనెను. ఆ రోజంతయు నవ్వితిని. వానికి తలకు కిరణములు. ముఖమునకు బిగుతైన ముసుగు వేసి బల్లకు బిగించెదరు. వాడు భయపడి ఏడ్చెడివాడు. లోపల గోవిందనామము చెప్పుకొనుచు వ్రేళ్ళపై లెక్కపెట్టుమంటిని. మరునాటినుండి బయటకు వచ్చి లెక్క చెప్పెడివాడు. ఒకనాడు నూట పండ్రెండనెను. "నూట ఎనిమిదికి ఆపాలిరా" అంటిని.

"మిషను ఆగలేదు తాతా" అనెను.