అయస్కాంతం విమానమెక్కాలంటే
(మెదక్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమెరికాలోని మనవడి సైన్సు ప్రయోగానికని నేను పంపిన అయస్కాంతాల పార్శిలు హైదరాబాదు దాటకుండానే తిరిగొచ్చింది. కోపమొచ్చింది గానీ తప్పు నాదే, లోపలేముందో రాయలేదు.

విమానంలో దిక్సూచి ఉంటుంది. బలమైన అయస్కాంతం దగ్గరుంటే ముల్లు పక్కకు తిరుగుతుంది. అందుకే పెట్టెకు 7 అడుగుల దూరంలో 0.002 గాస్ మించకుంటేనే మామూలు సరుకు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలంలో అది 200వ వంతు!

రెండోసారి జతలుగా ఎదురు ధ్రువాలు కలిపి, పాత నూనె డబ్బా రేకు నాలుగు పొరలు చుట్టాను. ఇనుము ఆ శక్తిని తనలోనే తిప్పుకుంటుంది. చుట్టూ మందంగా థర్మాకోల్ పెట్టాను. వివరం రాసిచ్చాను, వాళ్లు మీటరుతో కొలిచారు. చేరింది.

అన్నట్టు, పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పని పిల్లలకు అప్పగించండి.