దారువుపై వంశచిహ్నాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలోని పాత ఇండ్లను చూచినవారికి ద్వారబంధంపై చెక్కిన గజలక్ష్మి క్రొత్త కాదు. ఐరోపాలో ప్రభువుల ఇండ్లకు ఆ స్థానమున నిలిచినది దైవం కాదు, వంశచిహ్నం.

నడుమ ఒక డాలు, దానిపై సింహమో గరుడపక్షియో, పైన శిరస్త్రాణం. దానినుండి ఇరువైపులకు జాలువారే వస్త్రం. ఈ వస్త్రమే శిల్పికి ఆటపట్టు. 17వ శతాబ్దిలో బరోక్ శైలి ప్రబలిన పిమ్మట అది ఆకులై, తీగలై, సుడులు తిరిగి డాలునే మ్రింగివేయునంతగా పెరిగినది. లోతుగా తొలిచిన చోట నీడ, ఉబ్బిన చోట బంగారు రేకు మెరుపు. జర్మను శిల్పులు ఇందుకు మెత్తని లిండెన్ కొయ్యను కోరుకున్నారు. మన కొండపల్లివారు పొణికి కొయ్యను ఎన్నుకొనుటలోని మర్మమూ అదే. కొయ్యపై సుద్దయు జిగురును కలిపి పూసి, ఆరిన తరువాత రేకు అంటించెడివారు.

డచ్చి దేశంలో గృహస్థు మరణించినపుడు అతని చిహ్నాన్ని చెక్కించి చర్చి గోడకు తగిలించెడి ఆచారముండెను. 1795లో విప్లవం వచ్చినది. పుట్టుకవలన కలిగే ఆధిక్యానికి గుర్తులని అట్టి పలకలను ఎన్నింటినో దించి నాశనం చేసినారు. మన బందరులో, పులికాటులో డచ్చివారి సమాధులపై అట్టి చిహ్నాలే నేటికీ కనబడుచున్నవి. అవి రాతివి గనుక మిగిలినవి.

మనకు చిహ్నాలు లేకపోలేదు. విజయనగరానికి వరాహం, సూర్యచంద్రులు, ఖడ్గం; కుప్పానికి పొరుగున మైసూరుకు గండభేరుండం. కాని వారి డాలు పెండ్లితో రెండు, నాలుగు పాళ్లుగా చీలి వియ్యపువారి గుర్తులను ఇముడ్చుకొనును. మన వరాహం ఏ వియ్యపువారికీ చోటిచ్చినది కాదు. 1877 ఢిల్లీ దర్బారులో లిట్టన్ ప్రభువు మన సంస్థానాధిపతులకు ఐరోపా పద్ధతి చిహ్నాలతో పతాకాలు బహూకరించినాడు. పూర్వచిహ్నాలు గల వంశాలకు ఇది అవసరమా అని నాకు తోచును.

పుంగనూరు, కంగుంది జమీందారీల కాలం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసినది. ఇండ్లు విప్పునపుడు చెక్కడపు కొయ్యను కలపగా తూచి అమ్మవద్దని శ్రోతలను కోరుచున్నాను. 1972 చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన కళాఖండాలను కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప అన్యులు విదేశాలకు పంపరాదు. పలకను ఊడదీయకముందే ద్వారంతో సహా ఛాయాచిత్రం తీయించి, ఏ ఊరిది, ఏ ఇంటిది, ఏ దిక్కు ద్వారానిది అని దాని వెనుక వ్రాసి ఉంచండి.