ఫేస్‌లిఫ్ట్: చేయించుకొనవలెనా? ఎక్కడ?

60వ యేట అడుగిడుచున్న స్త్రీలలో కొందరికి, ఇటీవల పురుషులలోను కొందరికి, ఇంటివారితో చెప్పుకొనలేని కోరిక యొకటి ఉన్నది. దవడ క్రింద జారిన చర్మమును పైకి లాగి కుట్టించుకొనవలెనని. చెప్పినచో పిల్లలు నవ్వుదురేమో యని సంకోచము. “ఈ వయస్సులో ఈ సింగారమేల” అను మాట వచ్చునని భయము. అందుచేత ఈ విషయమున సలహా చెప్పువారు తరచుగా ప్రకటనలవారే యగుచున్నారు. ఈ కోరికను పరిహసించుటకు గాని ప్రోత్సహించుటకు గాని మేము పూనుకొనలేదు. ఇంటికి మరమ్మతు చేయించునపుడు మేస్త్రీని అడుగు ప్రశ్నలనైనను ముఖము విషయమున అడుగవలెను గదా యని మాత్రమే మా తలంపు.

మొదట ఈ శస్త్రచికిత్స యేమి చేయునో చూతము. కణత దగ్గర వెంట్రుకల అంచున మొదలై, చెవి ముందుగా దిగి, తమ్మె చుట్టు తిరిగి, చెవి వెనుక జుట్టులోనికి పోవునట్లు గాటు పెట్టుదురు. పూర్వము చర్మమును మాత్రమే విడదీసి, లాగి, మిగిలినదానిని కత్తిరించి కుట్టెడివారు. చర్మము సాగు స్వభావము కలది గనుక కొద్దికాలమునకే మరల జారెడిది. జారువరకు ఆ ముఖము పెనుగాలికి ఎదురు నిలిచినవారి ముఖమువలె ఉండెడిది. 1976లో మిట్జ్, పెరోనీ అను ఇద్దరు ఫ్రెంచి వైద్యులు చర్మము క్రింద, ముఖ కండరములతో కలిసియున్న దట్టమైన పొరను వర్ణించి వ్రాసిరి. దానిని పొడి అక్షరములలో ‘స్మాస్’ అందురు. 1990లో అమెరికా వైద్యుడు హామ్రా ఆ పొరకు దిగువగా పోయి, చర్మమును పొరను కలిపియే పైకి జరుపు ‘డీప్ ప్లేన్’ పద్ధతిని ప్రకటించెను. నేటి మంచి వైద్యులు లాగుడు బరువంతయు ఆ లోపలి పొరమీదనే ఉంచి, పైచర్మమును బిగువు లేకుండ పరచి కుట్టుదురు. మీరు సంప్రదించు వైద్యుడు “చర్మమే కొద్దిగా లాగుదుము, అరగంట పని” అన్నచో, ఆ అరగంట ఫలితమెంత కాలము నిలుచునో అడుగుడు.

ఈ చికిత్సవలన బాగుపడునది చెంపల దిగువభాగము, దవడ అంచు, మెడ. నుదుటి గీతలు దీనివలన పోవు. కంటి రెప్పల వాపు పోదు, పెదవి పైని సన్నని ముడుతలు పోవు, మంగు మచ్చలు అసలే పోవు. వానికి వేరు వేరు చికిత్సలు కలవు. సూదిమందులును, ముఖములోనికి దారములు ఎక్కించుటయు ఫేస్‌లిఫ్ట్‌తో సమానమని చెప్పువారు ఉన్నారు. ఆ మాట నమ్మదగినది కాదు. ఫలితము సుమారు 10 సంవత్సరములు నిలుచునని సాధారణపు అంచనా. గడియారమును వెనుకకు త్రిప్పుటయే గాని ఆపుట కాదు. యయాతికి పూరుడు తన యౌవనమునే ఇచ్చెను; శస్త్రవైద్యునియొద్ద అట్టి సరకు లేదు. మోకాళ్ళు, నడుము, చేతులపై నరములు ఏ వయస్సువో ఆ వయస్సువిగనే ఉండును.

మన చర్మమును గురించియు ఒక మాట. నల్లని, చామనచాయ చర్మములలోని మెలనిను ఎండనుండి కొంత రక్షణ నిచ్చును గనుక తెల్లవారికంటె మనకు సన్నని ముడుతలు ఆలస్యముగా వచ్చును. కాని గాయము మానినచోట నల్లబడుట, మచ్చ లావెక్కుట మనకే హెచ్చు. ఇదివరలో టీకా వేసినచోట గాని చెవి కుట్టినచోట గాని మచ్చ గడ్డగా పెరిగినవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

ముఖమును శస్త్రముతో సరిచేయుట మన దేశమునకు క్రొత్త కాదు. చెంప చర్మముతో ముక్కు కట్టు విధానము సుశ్రుత సంహితలో ఉన్నది. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములో ఇంగ్లీషు సేనకు బండి తోలిన కవాస్‌జీ అనువాడు ముక్కు పోగొట్టుకొనగా, పూనాలో నుదుటి చర్మముతో అతనికి ముక్కు కట్టిన వృత్తాంతము 1794లో లండను పత్రికలో అచ్చయ్యెను. అది పోయినదానిని తిరిగి కట్టుట. ఉన్నదానిని బిగించుట వేరు కథ. అది 20వ శతాబ్దపు ఆరంభమున ఐరోపాలో మొదలైనది. పారిస్‌లో సుజాన్ నోయెల్ అను స్త్రీ వైద్యురాలు ఈ పనిలో పేరు పొంది, 1926లో దాని సామాజిక ప్రయోజనమును గురించి గ్రంథము వ్రాసెను. ముఖమున వయస్సు కనబడినచో ఉద్యోగము పోవునని భయపడు స్త్రీలు ఆమెయొద్దకు వచ్చెడివారు. సింగారమని కొట్టివేయువారు ఈ సంగతిని గమనింపవలెను. అద్దమునకు వెనుక ఒక్కొక్కప్పుడు అన్నము కూడ ఉండును.

అయినను కారణము నెంచుకొనుటలోనే సగము నిర్ణయమున్నది. చాలకాలముగా తన దవడను చూచుకొని బాధపడుచు, ఎవరి ప్రేరణయు లేక, అది కొంత తగ్గిన చాలునని కోరువారు సాధారణముగా తృప్తి పొందుదురు. భర్త మనస్సు మరలునని, పోయిన మనిషి లేని దుఃఖము తగ్గునని, తోడికోడలికంటె చిన్నగా కనబడవలెనని వచ్చువారికి ఎంత నిపుణుడైన వైద్యుడును ఏమియు చేయలేడు. దుఃఖమును, విడాకులను, ఉద్యోగ విరమణను కనీసము ఒక సంవత్సరము వెనుకకు పోనిచ్చి అప్పుడు ఆలోచించుట మేలు.

మాకు పరిచయమున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని కూతురు పెండ్లికి 5 వారములు ఉన్నదనగా శస్త్రవైద్యుని యొద్దకు పోయెను. ఆయన పరీక్షించి, ఫొటోలు తీసి, “అమ్మా, పెండ్లి అయిన తరువాత రండి” అనెను. ఆమెకు కోపము వచ్చినది. డబ్బిచ్చెదనన్నను కాదనువాడు వైద్యుడా యని మాతో వాదించినది. మా దృష్టిలో ఆ కాదన్న మాటయే ఆయనకు గొప్ప యోగ్యతాపత్రము. వాపు, కమిలిన గుర్తులు నలుగురిలోనికి పోదగినంతగా తగ్గుటకు 2 నుండి 4 వారములు పట్టును. కొందరికి ఇంకను ఎక్కువ. ముఖము పూర్తిగా కుదురుకొనుటకు నెలలు కావలెను. పెండ్లి ఫొటోలు మాత్రము ఆ దినమే తీయుదురు. ఆమె ఇంకను మరల పోలేదు, మానుకొన్నట్లును లేదు.

ఇక ప్రమాదముల సంగతి. అన్నిటికంటె తరచుగా వచ్చునది చర్మము క్రింద రక్తము గూడుకట్టుట. ఇది ఎక్కువగా మొదటి 24 గంటలలోనే వచ్చును. ముఖము ఒక ప్రక్క హఠాత్తుగా ఉబ్బి, నొప్పి పెట్టును. వెంటనే తెరచి రక్తము తీయకున్నచో పైచర్మము చెడును. రక్తపు పోటు అదుపులో లేనివారికిని, పురుషులకును ఇది హెచ్చు. గడ్డము మొలచు చర్మమునకు రక్తప్రసారము అధికము. పురుషులకు మరియొక చిక్కు: గడ్డపు చర్మము వెనుకకు జరుగుటచే చెవి వెనుక కూడ క్షౌరము చేసికొనవలసి రావచ్చును.

పొగ త్రాగువారికి సూక్ష్మ రక్తనాళములు ముడుచుకొని యుండును గనుక చెవి వెనుక చర్మము నల్లబడి చచ్చుట కద్దు. చికిత్సకు కనీసము 4 వారములు ముందుగా మానవలెను. చుట్ట, బీడీ యనియు సడలింపు లేదు. పెదవిని, కనుబొమను కదల్చు నరము దెబ్బతినుట అరుదు. దెబ్బతినినను చాలవరకు నెలలలో కోలుకొనును. కాని ఎన్నటికిని కోలుకొనని కొద్దిమందిలో మనముండవచ్చునని ముందే తలచుకొని, అప్పుడును ఈ పని చేయించుకొందునా యని ఒక రాత్రి ఆలోచించుట మంచిది. గుండె జబ్బుకు ఆస్పిరిను వంటి మందులు వాడువారు తమంతట తాము ఆపరాదు. ఆ మందు వ్రాసిన డాక్టరే చెప్పవలెను.

ఎక్కడ చేయించుకొనవలెను? ఊరు పేరుకంటె మనిషి ముఖ్యము. ‘కాస్మెటిక్ సర్జన్’ అని బోర్డు మీద వ్రాసికొన్నంత మాత్రమున అది డిగ్రీ కాదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీ.హెచ్. గాని, డి.ఎన్.బి. గాని చదివి, రాష్ట్ర వైద్య మండలిలో నమోదైనవారా యని చూడవలెను. అంతటితో చాలదు. మన దేశమున ముక్కు సరిచేయుట, కొవ్వు తీయుట వంటివి జరిగినంత విరివిగా ఫేస్‌లిఫ్ట్ జరుగదు. కాబట్టి “ఏటికి ఎన్ని చేయుదురు? చేయించుకొని ఒక సంవత్సరము గడచినవారి ఫొటోలు చూపుదురా?” అని అడుగుటలో మర్యాదలోపము లేదు. ఆ ఫొటోలు ముందువి, తరువాతివి ఒకే వెలుతురులో, అలంకరణ లేకుండ, ప్రక్కనుండియు తీసినవై యుండవలెను. చెవి తమ్మె క్రిందికి లాగబడినదా, చెవి ముందు గీత వెడల్పైనదా చూడుడు. నవ్వుచున్న ముఖములకంటె ఆ రెండును ఎక్కువ నిజము చెప్పును.

చికిత్స జరుగు స్థలమును కూడ చూచి రావలెను. మత్తుమందు వైద్యుడు వేరుగా ఉన్నారా? రాత్రి రెండు గంటలకు రక్తము గూడుకట్టినచో ఎవరు వచ్చెదరు, ఎంతసేపటిలో? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము రానిచోట, సోఫాలు ఎంత మెత్తగా ఉన్నను, మేము మా వారిని పండుకొననీయము.

అమెరికాలోను గల్ఫు దేశములలోను ఉన్న మనవారు సెలవులకు హైదరాబాదు వచ్చి చేయించుకొని పోవుట కలదు. ఇచ్చటివారు బ్యాంకాకు, ఇస్తాంబులు పోవుటయు కలదు. ఖర్చు తక్కువ యగుట నిజమే. కాని లెక్కలో టిక్కెట్లు, బస, తోడు వచ్చువారి ఖర్చు, రెండవసారి రావలసి వచ్చినచో దాని ఖర్చు కూడ వేయవలెను. చికిత్స తరువాత కనీసము 7 నుండి 10 దినములు విమానమెక్కరాదు. కాళ్ళలో రక్తము గడ్డకట్టు ప్రమాదమున్నది. మూడు వారముల సెలవులో మొదటి వారము చుట్టములకు ఇచ్చి, రెండవ వారము చివర చికిత్స పెట్టుకొనువారు కుట్లు విప్పించుకొనుచునే విమానాశ్రయమునకు పరుగెత్తవలసి వచ్చును. ఇంకొకరు చేసిన పనిలో చిక్కు వచ్చినపుడు చేయి పెట్టుటకు అక్కడి వైద్యులు వెనుదీయుదురు. వత్తురేని చికిత్సయే మొదట, చుట్టములు తరువాత.

ఆరోగ్య బీమా దీనికి డబ్బు ఇయ్యదు. ప్రమాదము, కాలిన గాయము, క్యాన్సరు తరువాత ముఖమును తిరిగి కట్టుటకే ఇచ్చును. సాధారణ వైద్యమునకు లేని వస్తు సేవల పన్నును అందమునకై చేయు శస్త్రచికిత్సకు కట్టవలెను. కనుక చెప్పిన ధరలో పన్ను కలిసినదా యని అడుగుడు. అంగీకారపత్రమును బల్లమీద పడుకొనబెట్టిన తరువాత కాక, ముందే ఇంటికి తెచ్చుకొని చదువుడు. ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారము ప్రాణాపాయము తప్పించు సందర్భమున తప్ప మరియొక చికిత్సకు చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. “పనిలో పనిగా కనురెప్పలు కూడ చేసితిమి” అనుటకు వీలులేదన్న మాట.

ఇంటికి వచ్చిన మొదటి వారము తల ఎత్తుగా రెండు దిండ్ల మీద పెట్టి పండుకొనవలెను; వంగి బిందెలు ఎత్తరాదు; మొదటి రాత్రి తోడు తప్పక ఉండవలెను. మచ్చ నల్లబడకుండ కొన్ని నెలలు ఎండలో గొడుగు కావలెను. బరువు కమ్మలకు సాగి తెగిన చెవి రంధ్రమును చాలమంది వైద్యులు అదే సమయమున కుట్టగలరు. ముందుగా అడిగి పత్రములో వ్రాయించుకొనుడు. చెవికి స్పర్శ తిరిగి వచ్చుటకు కొన్ని నెలలు పట్టవచ్చును. అంతవరకు బుట్టకమ్మలు పెట్టెలోనే ఉండుట మంచిది. శీల ఊడి జారిపోయినను చెవికి తెలియదు.