పాత యంత్రము – క్రొత్త బరువు

మా యింటి పద్దులన్నియు విండోస్ 7 నడచు పాత కంప్యూటరులో నున్నవి. 2009లో వెలువడిన ఆ ఆపరేటింగ్ సిస్టమునకు సాధారణ వినియోగదారులు పొందు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయినవి. అయినను దానిని విడువజాలక, క్రొత్త ప్రోగ్రాములను దానిపైననే నడుపగోరితిమి. శ్రోతలలో కొందరికి ఈ చిక్కు అనుభవమే యైయుండును.

ప్రతి ప్రోగ్రామును ఫైలు తెరచుటకు, తెరపై వ్రాయుటకు సిస్టము సేవలను కోరును. కోరిన సేవ పాత సిస్టములో లేనిచో తొలి అడుగుననే ఆగిపోవును. క్రోమ్ బ్రౌజరు 2023లో వచ్చిన 109వ కూర్పుతో విండోస్ 7ను విడిచినది.

లోపించిన సేవలను తామే వ్రాసి అతికించు ఔత్సాహికులు కలరు. వారి నేర్పు మెచ్చదగినదే. కాని ప్రోగ్రాము నడచుట వేరు, యంత్రము భద్రముగా నుండుట వేరు. క్రొత్త తలుపు బిగించినంతనే గోడలోని కన్నము పూడదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విండోస్‌లోని యిట్టి కన్నముననే పలు దేశములలో చొరబడెను. సవరణ రెండు నెలల ముందే వెలువడినను, దానిని చేర్చుకొనని యంత్రములు చిక్కినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు సైతము చికిత్సలను వాయిదా వేయవలసి వచ్చెను. ఇక సవరణలే రాని యంత్రము మాట చెప్పనేల?

కావున పద్దులకు వేరొక డిస్కులో నకలు తీసి, పాత యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసితిమి. బ్యాంకు పనులను క్రొత్త యంత్రమునకు అప్పగించితిమి. ఇంటి పెద్దలను గౌరవింతుము. వారి నెత్తిన మూట లెత్తము గదా!