రెక్కలు ఊపిన విమానం



మన ఊరి మీదుగా విమానం పోతే పిల్లలంతా బయటికి ఉరికి చేతులు ఊపుతారు. మనమూ తల ఎత్తి చూస్తాం. కానీ విమానం చప్పుడు వింటే భయపడి దాక్కున్న ఊళ్ళు కూడా ఉన్నాయి. అవి మన దేశానికీ పాకిస్తాన్‌కూ నడుమ సరిహద్దులో ఉన్న ఊళ్ళు. ఈ పూట మీకు ఆకాశంలో జరిగే యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్తాను.

1965లో కాశ్మీర్ గురించి రెండు దేశాల తగాదా ముదిరింది. సెప్టెంబరు 1న ఛంబ్ అనే చోట పాకిస్తాన్ టాంకులు మన మీదికి వచ్చాయి. వాటిని ఆపడానికి ఆ సాయంత్రమే మన విమానాలు లేచాయి. అప్పటి నుంచి 23వ తేదీ దాకా ఆకాశంలో పోరు సాగింది. వాళ్ళ సేబర్ విమానాలు అమెరికావి. మన హంటర్ విమానాలు ఇంగ్లండువి. మిస్టేర్ విమానాలు ఫ్రాన్సువి. చూశారా! అప్పుడు రెండు దేశాలూ పేద దేశాలే. రెండు చోట్లా చదువు రానివాళ్ళే ఎక్కువ. అయినా యుద్ధ విమానాలకు మాత్రం డబ్బు పెట్టక తప్పలేదు.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్పాలి. మనం ఓటు వేసి సర్పంచిని ఎన్నుకుంటున్నాం కదా. ఊరి పనులు ఊరివాళ్ళ చేతుల్లోనే ఉండాలని 1957లో ఒక కమిటీ చెప్పింది. ఆ కమిటీకి పెద్ద బల్వంతరాయ్ మెహతా. ఆ మాట ప్రకారమే 1959లో రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీ రాజ్ మొదలైంది. అదే ఏడు మన షాద్‌నగర్‌లోనూ మొదలైంది. అంటే ఆయన మనకు పరాయివాడేం కాదు.

1965లో ఆయన గుజరాత్ ముఖ్యమంత్రి. సెప్టెంబరు 19న సరిహద్దు వైపు కచ్ ప్రాంతానికి చిన్న విమానంలో బయలుదేరాడు. అందులో ఆయన భార్య ఉంది. ముగ్గురు సిబ్బంది, ఒక విలేకరి ఉన్నారు. నడిపేవాళ్ళు ఇద్దరు. అసలు పైలట్ పేరు జహంగీర్ ఇంజనీర్. మొత్తం ఎనిమిది మంది. అది యుద్ధ విమానం కాదు. అందులో తుపాకులు లేవు, బాంబులు లేవు.

పాకిస్తాన్ వాళ్ళకు ఆ విమానం కనబడింది. ఖైస్ హుస్సేన్ అనే యువ పైలట్‌ను దాని మీదికి పంపారు. అతను దగ్గరికి వచ్చి చూశాడు. చిన్న విమానం రెక్కలు అటూ ఇటూ ఊపింది. విమానాల భాషలో దానికి అర్థం ఉంది. ‘మమ్మల్ని కొట్టొద్దు, వదిలెయ్యి’ అని. అది మామూలు విమానమని అతను కింద ఉన్న అధికారికి రేడియోలో చెప్పాడు. ఏం చెయ్యమంటారని అడిగాడు. కాసేపటికి ఆజ్ఞ వచ్చింది, కాల్చమని. కాల్చేశాడు. ఎనిమిది మందీ చనిపోయారు. లోపల ఎవరున్నారో అతనికి తెలియనే తెలియదు. రాత్రి రేడియోలో వార్త వచ్చాకే తెలిసింది.

ఇంకా నాలుగు రోజులు గడిస్తే యుద్ధమే ఆగిపోయేది!

ఆబోతులు పోట్లాడుకుంటే మధ్యలో లేగదూడలు నలిగినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇలాంటివి ఒక్క వైపే జరగలేదు. 1999 ఆగస్టు 10న అదే కచ్ ప్రాంతంలో పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని మన విమానం కూల్చింది. అందులో 16 మంది చనిపోయారు. అది మా హద్దులోకి వచ్చిందని మనవాళ్ళన్నారు. రాలేదని వాళ్ళన్నారు. 2019 ఫిబ్రవరి 27న రెండు దేశాల విమానాలు కాశ్మీర్ మీద తలపడ్డాయి. ఆ గాబరాలో మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కూల్చింది. అందులోని ఆరుగురు సైనికులు, కింద ఉన్న ఒక ఊరి మనిషి ప్రాణాలు వదిలారు. 2025 మే నెలలో మళ్ళీ నాలుగు రోజులు పోరు జరిగింది. ఈసారి మనిషి లేకుండా ఎగిరే డ్రోన్లు కూడా వచ్చాయి. పైనుంచి చూసేవాడికి కింద ఉన్నవాళ్ళ ముఖాలు కనబడవు. ఆకాశ యుద్ధంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే.

మరి దీనికి మందు లేదా? ఉంది. రెండు దేశాలూ 1991లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. యుద్ధ విమానాలు సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు ఎగరకూడదని అందులో ఉంది. పొలం గట్టు దగ్గర గొడవ రాకుండా పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటాం చూడండి, అలాంటిదే ఇది. కాగితం రాసుకుంటే చాలదు, ఇద్దరూ దానికి కట్టుబడాలి. అయినా కాగితమే లేకపోతే ‘నువ్వు తప్పావు’ అని అడగడానికి కూడా ఏమీ ఉండదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. 2011లో, అంటే 46 ఏళ్ళ తర్వాత, ఖైస్ హుస్సేన్ ఒక ఉత్తరం రాశాడు. ఎవరికి? తాను కూల్చిన విమానం పైలట్ కూతురికి. అప్పటికి అతను ముసలివాడు. ఆ రోజు ఏం జరిగిందో దాచకుండా రాశాడు. ఆజ్ఞ ప్రకారమే కాల్చానని, పోయిన ప్రాణాలకు బాధపడుతున్నానని రాశాడు. ఆమె ఏం చేసింది? తిట్టలేదు. మౌనంగానూ ఉండలేదు. జవాబు రాసింది. కాల్చిన మనిషి మీద తమ ఇంట్లో ఎప్పుడూ పగ పెట్టుకోలేదని రాసింది.

అక్కలారా, అన్నలారా! తండ్రిని పోగొట్టుకున్న మనిషి రాసిన మాట అది. ఆ ఉత్తరాలు పోయిన ఎనిమిది మందినీ తిరిగి తేలేదు. కానీ ఒక గుండెలో 46 ఏళ్ళ బరువు దిగింది. ఇంకో గుండెకు కొంత ఊరట దొరికింది.

మీరు నేర్చుకున్న అక్షరాలకు అంత బలం ఉంది. మీ ఇంట్లోనో, పొలం గట్టు మీదో ఎవరితోనైనా ఏళ్ళ తరబడి మాటలు లేకపోతే, రేపు ఒక కార్డు ముక్క తీసుకోండి. మీ చేత్తో నాలుగు మాటలు రాయండి. ముందు మీరే రాయండి.

సెలవు.